బోసిగాడి పళ్ళు

జనవరి 9, శుక్రవారం

అయిపోయింది.

మధ్యాహ్నం పళ్ళ ల్యాబ్‌లో టిఫిన్ డబ్బా మూసి, మైనం గట్టిపడేలోగా రెండు వాక్యాలు రాసుకుందామని కూర్చున్నాను. మూడో వాక్యం రాశాక ఇంక రాయడానికేమీ మిగల్లేదు. తొమ్మిదేళ్ళు సాగదీసిన నవల, బల్ల మీద నాలుగు కట్టుడు పళ్ళ సెట్లు నోరెళ్ళబెట్టి చూస్తుండగా అయిపోయింది. చేతులు కడుక్కుని మళ్ళీ పనిలో పడ్డాను.

ఇంటికొచ్చి మావారికి చెప్పాను. ఏదీ, ఆ రాక్షసుడిదేనా, చచ్చాడా అన్నారు. చావలేదన్నాను. మరింకేం అయిపోయినట్టు అని టీవీ సౌండ్ పెంచారు.

రేపు లాండ్రీలో చెప్పకూడదు. చెప్తే నా కుర్చీ పోతుంది.

జనవరి 10, శనివారం

ఈ డైరీ ఎవరూ చదవరు. కాబట్టి ఎవరెవరో విడమరచి రాయక్కర్లేదు. కానీ నవల అయిపోయాక చెయ్యి ఊరుకోవడం లేదు. రాస్తాను.

మేం నలుగురం. లాండ్రీ అన్న, లెక్కల టీచర్, కండక్టర్, నేను. శనివారం సాయంత్రం అన్న తన షాపు షట్టర్ సగం దించేస్తాడు. వెనక గదిలో ఇస్త్రీ బల్ల చుట్టూ కూర్చుంటాం. తలల మీద ఎవరెవరివో కోట్లూ చొక్కాలూ కవర్లలో వేలాడుతుంటాయి. తలా ఒక నవల, ఏదీ పూర్తి కాలేదు. అన్న నవలలో డ్రైనేజీలో బతికే పాములాంటిదొకటి మూడో అధ్యాయంలో తల బయటపెట్టింది, తోక ఇప్పటిదాకా రాలేదు. టీచర్ నవలలో ఒకడు కలలు అమ్ముకుని బతుకుతాడు. అట్టపెట్టె నిండా కాగితాలున్నాయి, వాడింకా మంచం దిగలేదు. కండక్టర్ అందరికంటే చిన్నవాడు. సిటీ బస్సులో పని. నన్ను అక్కా అంటాడు. వాడి నవల నోట్లోనే ఉంటుంది, ఒక్క ముక్కా రాయడు, కబుర్లు మాత్రం కోటలు దాటిస్తాడు.

మాకు రెండు రూల్స్. మొదటిది అన్న పెట్టాడు. ఇస్త్రీ అయిపోయిన బట్ట షాపులో ఉండకూడదు, కాబట్టి నవల పూర్తి చేసినవాళ్ళు టోకెన్ తగిలించుకుని వెళ్ళిపోవాలి. రెండోది నేనే పెట్టాను, ఒక శనివారం మంచి హుషారులో ఉండి. ఇస్త్రీ బల్ల మీద పెట్టిన కల అందరిదీ, ఎవరికి సరిపోతే వాళ్ళు తొడుక్కోవచ్చు. రెండూ జోకులే. జోకు ముదిరితే చట్టమవుతుందని అప్పుడు తెలీదు.

ఇవాళ రాక్షసుడు బస్సెక్కితే ఫుల్ టికెట్టా, లగేజీ టికెట్టా అన్న చర్చ. బరువు తూచి లగేజీ కొట్టాలన్నాడు అన్న. తలలు లెక్కపెట్టి టికెట్లు కొట్టాలి, పది తలలుంటే పదీ కొట్టాల్సిందే అంది టీచర్. కండక్టర్ మాత్రం, ముందు వాడు ఏ స్టాపులో దిగుతాడో అడగాలి, దిగేవాడైతే భయం లేదన్నాడు. కడుపుబ్బ నవ్వాం. ఇలా నవ్వడానికే శనివారం దాకా బతుకుతానేమో అనిపిస్తుంది ఒక్కోసారి.

తర్వాత మా బోసిగాడి ఊసొచ్చింది. నా నవల వాడిదే. మనుషుల్ని తినాలనే వస్తాడు, కానీ నోట్లో ఒక్క పన్ను లేదు. మంచం చివర కూర్చుని మర్యాదగా బతిమాలతాడు, కాస్త నమిలి పెడతారా అని. జనం జాలిగుండె కలవాళ్ళు. పాపం అనుకుని పక్కింటివాణ్ణి నమిలి పెడతారు. తిలా పాపం తలా పిడికెడు. వాడి చేతికి మాత్రం రక్తం అంటదు.

చివర ఏమవుతుందక్కా అని కండక్టర్ అడిగాడు. ఇంకా తెలీదన్నాను. మొదటిసారి వీళ్ళ దగ్గర అబద్ధమాడాను.

జనవరి 17, శనివారం

పొద్దున నవల పబ్లిషర్‌కి పంపేశాను. ఇలాంటి రాక్షసుల పుస్తకాలు వేసేది వాళ్ళొక్కళ్ళే. కొరియర్ రసీదు పర్సులో పెట్టుకుని మాటిమాటికీ తీసి చూసుకుంటున్నాను. సాయంత్రం లాండ్రీకి తలనొప్పని వెళ్ళలేదు.

జనవరి 24, శనివారం

ఇవాళ కలల గురించి. కలలో చదివిన పుస్తకం పేజీ తిప్పితే అక్షరాలు మారిపోతాయట, టీచర్ చెప్పింది. తనకైతే పుస్తకం మొత్తం ఒకే పేజీ ఉంటుందన్నాడు అన్న, అందుకే ముందుకి సాగడం లేదట. కండక్టర్ ఖరీదైన బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. ఏంట్రా విశేషం అంటే, ఊరికేనక్కా అన్నాడు. వాడు ఊరికే ఏమీ తేడు. కానీ వాడి నోట్లో నువ్వుగింజ నానదు, ఏమైనా ఉంటే వాడే కక్కుతాడని వదిలేశాను.

ఫిబ్రవరి 3, మంగళవారం

కబురు లేదు.

ఫిబ్రవరి 11, బుధవారం. ల్యాబ్‌లోనే రాస్తున్నాను

ఎడిటర్ గారు ఫోన్ చేశారు. మెత్తటి గొంతు. నవల చదివారట. శైలి బాగుందట. తర్వాత, ఒక మాట అడుగుతాను ఏమీ అనుకోకండి అన్నారు. మా దగ్గర వచ్చే నెల విడుదలయ్యే నవల ఒకటుంది, దాని రాతప్రతి మీరు ఎక్కడైనా చూశారా అని. అందులోనూ పళ్ళు లేని రాక్షసుడేనట. అందులోనూ నమిలి పెట్టమని అడుగుతాడట. పేరు కూడా బోసిగాడేనట.

రచయిత ఎవరని అడిగాను. చెప్పారు. మా కండక్టర్.

నా స్నేహితుడేనండీ అన్నాను. నోట్లోంచి అదే వచ్చింది. ఓహో, అయితే ఆయన చెప్పగా విని ఉంటారు అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, జాలి ఉంది. నేను దొంగనని తేలిపోయింది, క్షమించడం కూడా అయిపోయింది. కాదండీ, వాడే నా దగ్గర విన్నాడు అంటే, అందరూ అలాగే అంటారండీ అన్నట్టు నవ్వారు.

ఇంకో మాట కూడా అన్నారు. మీదాంట్లో రాక్షసుడికి ఒకావిడ పళ్ళు చేసిపెడుతుంది, అవి తయారయ్యేసరికి వాడు రావడం మానేస్తాడు, ఇదేం ముగింపండీ, పాఠకుడు ఊరుకుంటాడా అని.

ఆ ముగింపు నేను లాండ్రీలో చెప్పలేదు. అదొక్కటే చెప్పలేదు.

చేతిలో ఉన్న కేసు, ఎవరిదో పళ్ళ సెట్టు, పాడయింది. పై వరస రెండు పళ్ళు ఊడదీసి మళ్ళీ అమర్చాలి.

ఫిబ్రవరి 14, శనివారం

వెళ్ళాను. కూర్చోకుండానే అడిగాను. నువ్వు నవల రాశావటగా అని.

వాడి మొహం వెలిగిపోయింది. దొరికిపోయిన దొంగలా తడబడతాడనుకున్నాను, అదేం లేదు. హమ్మయ్య తెలిసిపోయిందా అన్నాడు. చెప్దామంటే కుర్చీ పోతుందని భయమేసి దాచాడట. చివరి స్టాపులో బస్సు ఆగినప్పుడల్లా ఫోన్‌లో కొట్టుకుంటూ పోయాడట. అన్న లేచి వాడి చొక్కాకి టోకెన్ పిన్ను గుచ్చాడు. టీచర్ చప్పట్లు కొట్టింది. ఆవిడ కళ్ళు చెమర్చాయి కూడా. ఆవిడకి కళ్ళు ఇట్టే చెమరుస్తాయి.

నాకూ ఒక టోకెన్ ఇవ్వన్నా అన్నాను. నాదీ అయిపోయింది.

టీచర్ చప్పట్లు ఆపేసింది.

ఫోన్ సంగతి చెప్పాను. బోసిగాడు నావాడు కదా, మీరు ముగ్గురూ సాక్ష్యం కదా, ఎడిటర్‌కి ఒక్క మాట చెప్పండి అన్నాను. ఇంత సులువైన పని ఇంకోటి లేదనుకున్నాను. అన్న బుర్ర గోక్కున్నాడు. వాడు కుంటుతూ నడవడం నేనే పెట్టాను కదమ్మా అన్నాడు. నిజమే. అండీ అండీ అని మర్యాదగా మాట్లాడటం నాది అంది టీచర్. అదీ నిజమే. రూల్ పెట్టింది నువ్వే కదా అని కూడా అంది, మెల్లగా.

అప్పుడు కండక్టర్ అన్నాడు, అసలా కల నాకొచ్చింది కదక్కా అని.

పెద్ద వాన పడిన శనివారమట. బట్టలారక గదంతా ముక్కవాసనట. మంచం చివర బోసినోరు వాడొకడు కూర్చున్నాడని తనే చెప్పాడట. నేను పగలబడి నవ్వి, వాడికో సెట్టు చేసిపెడతాలే అన్నానట.

ఆ వాన నాకూ గుర్తుంది. చెప్పింది నేను. నాకూ అలాంటిదే వచ్చిందక్కా అని వాడు మర్యాదకి వంత పాడాడు. ఆ తర్వాత ప్రతిసారీ నాకంటే వాడే బాగా చెప్పాడు. అన్నేళ్ళు చెప్పి చెప్పి వాడికి నిజంగానే వచ్చేసింది ఆ కల.

అబద్ధమాడేవాడి కాలరు పట్టుకోవచ్చు. నమ్మి చెప్పేవాణ్ణి ఏం చెయ్యాలి? మొహంలోకి చూశాను. కల్మషం లేదు. అందుకే ఇంకా మండింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

ఆ కల నాది. ఎందుకింత గట్టిగా అంటున్నానో ఇక్కడ రాస్తాను. ఎక్కడా రాయలేదు, నవలలో కూడా.

అమ్మకి పళ్ళన్నీ తీసేశారు. చిగుళ్ళు మానేదాకా ఆగి సెట్టు పెట్టాలి. ఆ కేసు ఎవరికీ ఇవ్వకుండా నేనే చేశాను. రంగు దగ్గర ఇద్దరికీ పెద్ద గొడవ. అమ్మకి సినిమా వాళ్ళలా తెల్లటి పళ్ళు కావాలి. ఈ వయసుకి ఆ షేడ్ వేస్తే నలుగురూ నవ్వుతారే, కాస్త పసుపు ఉంటేనే సహజంగా ఉంటుందన్నాను. మొహం ఎలాగూ ముసలిదే, పళ్ళు కూడా ముసలివెందుకే అంది. చివరికి నా మాటే నెగ్గింది. నెగ్గాక అమ్మ నాతో మూడు రోజులు మాట్లాడలేదు.

ఆపిల్ అంటే ప్రాణం. మిక్సీలో వేసి ఇస్తే రుచి లేదనేది. నీ చిన్నప్పుడు నేను నమిలి పెట్టలేదూ, ఇప్పుడు నువ్వు కాస్త నమిలి పెట్టవే అనేది. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

సెట్టు పాలిష్ అయిన రోజునే పోయింది. నిద్రలోనే. నేను డబ్బా పట్టుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు జనం.

కొన్నాళ్ళకి కలొచ్చింది. అమ్మ కాదు. ఎవడో కొండంత మనిషి, మంచం చివర. నోట్లో పళ్ళు లేవు. మాట మాత్రం అమ్మదే, అదే విరుపు. కాస్త నమిలి పెట్టవే. నవ్వుతూ లేచాను. అమ్మ పోయాక అదే మొదటిసారి నవ్వడం. ఆ శనివారం వాన. రాక్షసుణ్ణి బల్ల మీద పెట్టాను. అమ్మని పెట్టలేదు.

పళ్ళు ల్యాబ్‌లో నా అలమరలో ఉన్నాయి. ఎండితే వంపు తిరుగుతాయని డబ్బాలో నీళ్ళు మారుస్తుంటాను. ఎవరు పెట్టుకుంటారని మారుస్తున్నానో నాకే తెలీదు.

ఫిబ్రవరి 19, గురువారం

కండక్టర్ తన పుస్తకం అచ్చుకాగితాలు చొక్కా కవర్లో పెట్టి అన్న చేత పంపాడు. సెలవు పెట్టి చదివాను.

బాగుంది. బాగోకపోతే ఎంత బాగుండేది. బోసిగాడు బస్సెక్కే చోట గట్టిగా నవ్వేశాను, వంటింట్లోంచి మావారు తొంగిచూశారు. నవ్వినందుకు నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

వీడి కథలోనూ ఒకావిడ బోసిగాడికి పళ్ళు చేస్తుంది. వీడికెలా తట్టిందని ముందు అనుకున్నాను గానీ, పళ్ళు చేసేదాని పక్కన అన్నేళ్ళు కూర్చున్నవాడికి తట్టక చస్తుందా. మైనం, అచ్చు, రంగు చూసే పళ్ళ మాల, అన్నీ నేను చెప్పినవే. ఒక్కచోట తప్పు రాశాడు. తెల్లగా మెరిసే పళ్ళు పెట్టించాడు. ఆ మొహానికి ఆ షేడ్ ఏ టెక్నీషియనూ వెయ్యదు.

పళ్ళొచ్చాక బోసిగాడు ఇంకెవర్నీ బతిమాలడు. అందర్నీ తనే నమిలేస్తాడు. మామూలు రాక్షసుడైపోయాడు. జనానికి అదే కావాలి కాబోలు. మొదట తిన్నది పళ్ళు చేసినావిడనే. ఆవిణ్ణి అందులో అందరూ అక్కా అని పిలుస్తారు.

మొదటి పేజీలో అంకితం ఉంది. అక్కకి, ఆ రోజు నవ్వినందుకు.

ఫిబ్రవరి 24, మంగళవారం

ఎడిటర్ గారే మళ్ళీ ఫోన్ చేశారు. మనసులో పీకుతోందట. ఆ బోసిగాడు మీవాడేనని మీ స్నేహితుల్లో ఒక్కరైనా రాసిస్తే, ఆయన పుస్తకంలో ఆ సంగతి వేసి, మీ నవల కూడా వెనకాలే తెస్తామన్నారు. ఒక్కరు చాలట.

పని నుంచి తిన్నగా లాండ్రీకి వెళ్ళాను. అన్న ఒక్కడే ఉన్నాడు, కోటు కాలరు మీద నీళ్ళు చల్లుతున్నాడు. చెప్పాను. చాలాసేపు ఇస్త్రీ చేశాడు. రాసిస్తాను తల్లీ, రాయనని కాదు, కానీ వాడు తన కలంటున్నాడు, నువ్వు నీదంటున్నావు, ఇద్దరూ అబద్ధమాడేవాళ్ళు కాదు అన్నాడు. ఆ కల నీకే ఎందుకొచ్చిందో ఒక్క ముక్క చెప్పు, నా మనసుకి తెలిసేలా, చెప్తే వాడి ముందే సంతకం పెడతానన్నాడు. చెప్పేదేదో శనివారం అందరిలో చెప్పు, చాటుమాటు వద్దు, వాడూ మనవాడే అన్నాడు.

న్యాయమైన మాటే. తిట్టుకోవడానికి కూడా లేదు.

ఫిబ్రవరి 28, శనివారం

ల్యాబ్ నుంచి డబ్బా తీసుకుని వెళ్ళాను. హ్యాండ్‌బ్యాగ్‌లో నిలువుగా పెట్టి, ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను.

అందరూ ఎంత మంచిగా ఉన్నారో. టీచర్ నా కోసం దిండు వేసింది కుర్చీలో. చొక్కాకి టోకెన్ ఉన్నా కండక్టర్‌ని ఇవాళ్టికి ఉండమన్నాడు అన్న. నువ్వు చెప్పక్కా, నీదని తేలితే పుస్తకం మీద నీ పేరే ముందు వేయిస్తా అన్నాడు కండక్టర్. ఉట్టి మాటకి కాదు. వేయిస్తాడు. వాడలాంటివాడే.

పెట్టమ్మా, ఏదున్నా బల్ల మీద పెట్టు అన్నాడు అన్న.

బ్యాగ్ జిప్పు తీశాను. తలెత్తి చూశాను. ముగ్గురూ ముందుకి వంగారు. టీచర్ కళ్ళు అప్పటికే తడి అయ్యాయి. కండక్టర్ పెదవులు కదులుతున్నాయి. వాడికి నచ్చిన కథ వినేటప్పుడు అలాగే కదుపుతాడు, తిరిగి చెప్పడానికి వాక్యాలు పేర్చుకుంటూ. చెడ్డబుద్ధితో కాదు. ఆకలేసిన పిల్లాడు కంచం వంక చూసినట్టు.

చెప్తే నమ్ముతారు. వెంటనే నమ్ముతారు, ఏడుస్తారు కూడా. వచ్చే శనివారానికి అమ్మకి అన్న ఒక నడక పెడతాడు. ఆ పై వారం టీచర్ ఒక మాట తగిలిస్తుంది. ఇంకో తొమ్మిదేళ్ళకి మా అమ్మ కండక్టర్‌కి కలలోకొస్తుంది, వాడు ప్రమాణం చేసి చెప్తాడు. పెదవి దాటితే పృథివి దాటుతుంది అనేది అమ్మ. పళ్ళు లేని పెదవులతో.

జిప్పు వేసేశాను.

ఏం లేదు, ఆ కల నీదేరా, నాకే గుర్తు లేదు అన్నాను.

వాడు సంతోషపడలేదు. అక్కా అని ఆగిపోయాడు. అన్న మాత్రం డ్రాయర్ లోంచి టోకెన్ తీసి నా చేతిలో పెట్టాడు. పిన్ను గుచ్చలేదు.

బస్సులో చూస్తే ఒళ్ళంతా తడి. డబ్బా మూత కారుతోంది. పక్కసీటావిడ ఏదో అనుకుని జరిగి కూర్చుంది.

మార్చి 1, ఆదివారం

ఎడిటర్ గారికి మెసేజ్ పెట్టాను. పొరపాటు నాదేనని, నా నవల వెనక్కి తీసుకుంటున్నానని. అందులో రాయనిది ఒకటే. మీ మీద పీకలదాకా కోపంగా ఉంది. వాడి మీదా. నా మీద అందరికంటే.

మార్చి 7, శనివారం

సాయంత్రం ఏం చెయ్యాలో తోచలేదు. మావారు, బట్టలు ఇస్త్రీకి వెయ్యాలి కదా, లాండ్రీకి వెళ్ళలేదా అన్నారు. ఇంట్లోనే చేశాను. ఒక చొక్కా కాల్చాను.

మార్చి 9, సోమవారం. తెల్లవారుతుండగా

వచ్చాడు. ఇన్నేళ్ళ తర్వాత. మంచం చివర కూర్చున్నాడు.

నోరు తెరిచాడు. నిండా పళ్ళు. తెల్లటివి, మెరిసిపోతూ. నేను చేసినవి కావు.

నన్నేమీ అడగలేదు.